బంతి ఇచ్చారు, బంతిలో చోటేదీ?

యూనివర్సిటీలు, కాలేజీలు పాత ఆటగాళ్లకి సన్మానాలు చేస్తున్నాయి. మంచిదే. శాలువా ఎవరి భుజాన పడుతోందో చూడండి.

పల్వంకర్ బాలూ మనలో ఎందరికి తెలుసు? చమార్, మన మాదిగల్లాగే తోలుపని కులం. 1911లో ఇంగ్లండు వెళ్లి 114 వికెట్లు పడగొట్టాడు. అంతకుముందు పూనాలో హిందూ జట్టు ఆయన చేతికి బంతి ఇచ్చింది, భోజనాల బంతిలో మాత్రం చోటివ్వలేదు. టీ బయటే, మట్టి ముంతలో! కెప్టెన్సీ ఆయనకి దక్కనే లేదు. 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది.

ఒంగోలు చుట్టుపక్కల చెడుగుడు ఆడి ఊరికి కప్పులు తెచ్చిన మనోళ్లు మోకాళ్లరిగినా మిరపకోతలకి పోతున్నారు. వాళ్ల పేర్లు ఇప్పుడే రాసిపెట్టండి. కాలేజీవాళ్లు పిలిస్తే పంపుదాం, స్టేజీ మీద కుర్చీ వేస్తేనే. శాలువాతోపాటు పింఛను సంగతీ అక్కడే అడుగుదాం.