ఎన్ని తీగలు వేయాలి?

పిల్లలూ, ఈ నెల మీకు ఒక కాగితం, పెన్సిలు కావాలి. ముందు అవి తెచ్చుకుని, తరవాత చదవండి.

కాగితం మీద గుండ్రంగా పది చుక్కలు పెట్టండి. అవి ఒక బడిలో ఉన్న 10 కంప్యూటర్లు అనుకుందాం. ఏ కంప్యూటరైనా మిగతా ఏ కంప్యూటరుకైనా కబురు పంపగలగాలి. తీగలు వేయవలసింది మీరే. ఎట్లా వేస్తారు?

"ఇందులో ఏమున్నది? ప్రతిదాన్నీ ప్రతిదానితో కలిపేస్తే సరి!" అంటారు మీలో చాలామంది. సరే, కలపండి. ఒక్కొక్క చుక్క నుంచి తొమ్మిది గీతలు బయలుదేరుతాయి. పది తొమ్మిదులు తొంభై. కాని ప్రతి గీతకూ రెండు కొసలుంటాయి గనక ప్రతిదాన్నీ రెండుసార్లు లెక్కపెట్టామన్నమాట. సగం చేస్తే 45 తీగలు. ఇందులో ఒక గొప్ప సుఖం ఉన్నది. ఏ ఎనిమిది తీగలు తెగినా సరే, ఏ కంప్యూటరూ ఒంటరిది కాదు. ఎటో చుట్టు తిరిగి వెళ్ళటానికి దారి ఉండనే ఉంటుంది.

బాగానే ఉన్నది. అయితే, బడి పెద్దదై కంప్యూటర్లు 100 అయినాయనుకోండి. 100ని 99తో హెచ్చించి సగం చేయండి. 4,950 తీగలు! కంప్యూటర్లు పదిరెట్లు పెరిగితే తీగలు నూటపదిరెట్లు పెరిగాయి. తీగలు కొనటానికి బడిని అమ్ముకోవలసి వస్తుంది.

అందుకని పిసినారి పద్ధతి ఒకటి చూద్దాం. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు దండెం కట్టినట్టు ఒకే ఒక తీగ లాగి, బట్టలు ఆరవేసినట్టు కంప్యూటర్లన్నిటినీ దానికే తగిలించటం. దీని పేరు బస్ పద్ధతి. మనం ఎక్కే బస్సు పేరూ దీని పేరూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. "అందరికీ" అని దాని అర్థం. 1973లో అమెరికాలో రాబర్ట్ మెట్‌కాఫ్ అనే ఆయన తలపెట్టిన ఈథర్‌నెట్ మొదట్లో ఇట్లాంటిదే. తరగతిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏ మాటా వినపడదు గదా? ఈ తీగలోనూ అంతే. రెండు కబుర్లు ఢీకొంటే రెండు కంప్యూటర్లూ ఊరుకుని, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక మళ్ళీ ప్రయత్నిస్తాయి. అది పరవాలేదు. తీగ తెగితేనే అసలు చిక్కు. తెగిన కొస దగ్గర సంకేతాలు గోడకు కొట్టిన బంతిలాగా వెనక్కి వచ్చి, ఎదురు వచ్చేవాటిని పాడుచేస్తాయి. ఎవరి కాలో తగిలి ఒక్కచోట తీగ ఊడినా గది మొత్తం మూగపోయేది. ఎక్కడ ఊడిందో బల్లల కింద దూరి వెతుక్కోవాలి.

దండెం రెండు కొసలూ కలిపితే వలయమవుతుంది. కబురు ఒకే వైపు తిరిగే వలయమైతే, పందిట్లో వేసే సీరియల్ బల్బుల దండలాగా ఒక్కచోట తెగితే అంతా పోతుంది. రెండు వైపులా తిరగగలిగితే మాత్రం, ఒకచోట తెగినా రెండోవైపు నుంచి పోవచ్చు. పట్టణాల నడుమ వేసే ఆప్టికల్ ఫైబర్ తీగలను అనేకచోట్ల ఇట్లా వలయంగా కలపటానికి కారణం అదే.

ఇక నేటి బళ్ళలో ఉండేది నక్షత్ర పద్ధతి. బండిచక్రాన్ని తలుచుకోండి. నడుమ స్విచ్ అనే చిన్న పెట్టె, దాని నుంచి ఆకుల్లాగా ఒక్కొక్క కంప్యూటరుకు ఒక్కొక్క తీగ. పదింటికి 10 తీగలే. ఒక తీగ తెగితే ఆ ఒక్క కంప్యూటరే ఆగుతుంది. "మా ఇంట్లో తీగే లేదు, వై-ఫై ఉన్నది" అంటారేమో! అదీ నక్షత్రమే, తీగలు కంటికి కనపడవు, అంతే. నడుమ ఉన్న పెట్టె ఆగితే ఇల్లంతా ఆగుతుంది, మీకు బాగా తెలుసు. అయినా నన్నడిగితే బడికి ఇదే మంచిది. చెడిపోయేది ఒకే పెట్టె, అది కళ్ళెదుటే ఉంటుంది, గంటలో మార్చవచ్చు.

కాని గంటలో మార్చలేని చోట ఏమవుతుంది? ఇప్పుడు చుక్క అంటే కంప్యూటరు కాదు, ఒక దేశం అనుకోండి. దేశాల మధ్య కబుర్లు చాలాభాగం సముద్రం అడుగున వేసిన తీగల్లో పోతాయి. పసిఫిక్ మహాసముద్రంలో టోంగా అనే దీవుల దేశం ఉన్నది. జనం సుమారు లక్ష. ఆ దేశాన్ని ప్రపంచంతో కలిపే సముద్రపు తీగ అప్పటికి ఒక్కటే. ఫిజీ దీవుల నుంచి 800 కిలోమీటర్లకు పైగా వేసినది. 2022 జనవరి 15న సముద్రంలో అగ్నిపర్వతం పేలి ఆ తీగ తెగింది. సునామీ వచ్చిందని లోకానికి తెలుసు. కాని న్యూజీలాండ్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న టోంగా వాళ్ళకు తమ తల్లిదండ్రులు బతికి ఉన్నారో లేదో చెప్పేవారు లేకపోయారు. ఉపగ్రహాల ద్వారా కొద్దికొద్దిగా మాటలు సాగాయి. ఓడ వచ్చి తీగ అతికేసరికి సుమారు 5 వారాలు పట్టింది.

ఇదే 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రపు తీగలు తెగినప్పుడు, మన దేశంలో ఇంటర్నెట్ బాగా నెమ్మదించింది గాని ఆగిపోలేదు. మనకు తూర్పువైపు నుంచి కూడా తీగలున్నాయి. కబుర్లు ఆ చుట్టుదారిన పోయాయి. టోంగా వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. లక్షమంది ఉన్న దేశానికి రెండో తీగ అంటే మోయలేని ఖర్చు.

మరి ఎన్ని దారులుంటే చాలు? అమెరికాలో పాల్ బారన్ అనే ఇంజనీరు 1964లో ప్రకటించిన వ్యాసాల్లో ఈ లెక్క వేశాడు. శత్రువులు బాంబులు వేసినా కబుర్లు ఆగకూడదన్నది అతని సమస్య. ప్రతి చుక్కనూ ప్రతి చుక్కతో కలపనక్కరలేదని, చుట్టుపక్కల మూడు నాలుగు చుక్కలతో కలిపి సాలెగూడులాగా అల్లితే, చాలా చుక్కలు నాశనమైనా మిగిలినవాటిలో ఎక్కువభాగం మాట్లాడుకోగలవని తేల్చాడు.

ఇప్పుడు కాగితం తిరగేయండి. ఇంటర్నెట్‌కు తల్లి అనదగిన అర్పానెట్ 1969 చివరకు నాలుగు చుక్కలే. లాస్ ఏంజెలెస్, శాంటా బార్బరా, స్టాన్‌ఫర్డ్, ఉటా. మొదటి మూడింటినీ త్రికోణంగా కలపండి. నాలుగో తీగ స్టాన్‌ఫర్డ్ నుంచి ఉటాకు వేయండి. అప్పుడు వేసింది ఇట్లాగే. ఉటా మిగతా మూడింటికీ దూరంగా, కొండల అవతల ఉన్నది.

మీ దగ్గర ఇంకొక్క తీగకు డబ్బున్నది. ఎక్కడ వేస్తారు? స్టాన్‌ఫర్డ్ నుంచే ఉటాకు రెండో తీగ వేస్తామనేవాళ్ళు, స్టాన్‌ఫర్డ్ చుక్కను ఒకసారి రబ్బరుతో చెరిపి చూడండి.