మనం పెట్టని సంతకం

రాజ్యాంగాన్ని అంబేడ్కర్ రాశారు, రాజ్యాంగ సభ ఆమోదించింది, మనం జనవరి 26న జెండావందనానికి వెళ్లి మిఠాయి తిని ఇంటికొచ్చాం. మూడు తరాలుగా మనం చేసిందింతే. దేశం ఏర్పడటమంటే ఢిల్లీలో కొందరు పెద్దలు కూర్చుని ముగించే పని అనుకున్నాం. అందులో మన వంతు ఒకటుందని, అది ఇప్పటికీ బాకీ ఉందని ఒప్పుకోవడానికి మనకు మనసు రాలేదు.

నిజానికి ఆ సభ మనందరినీ అడిగి కూర్చున్నది కాదు. బ్రిటిష్ పాలిత రాష్ట్రాల సభ్యుల్ని 1946లో అక్కడి శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభలకు ఓటేసినవాళ్లు ఆస్తో, చదువో, పన్ను కట్టే స్తోమతో ఉన్న కొందరే. తెలంగాణకు ఆ కొద్దిపాటి వాటా కూడా దక్కలేదు. హైదరాబాద్ సంస్థానం నుంచి ఒక్క సభ్యుడూ వెళ్లలేదు. 1949 నవంబర్‌లో నిజాం ఫర్మానాతో అక్కడి అంగీకారం అయిందనిపించారు. 1950 జనవరి 24న 284 మంది సంతకాలు చేశారు. కోట్లాదిమంది పేర చేసిన సంతకాలవి. అందుకే వయోజనులందరికీ ఓటిచ్చి, మిగతా సమ్మతిని మన చేతుల్లో పెట్టి వెళ్లారు.

ఎలా ఒప్పుకోవాలో కూడా చూపించే వెళ్లారు. ముసాయిదాకు 7,635 సవరణలు ప్రతిపాదించారు. 2,473 సభలో చర్చకొచ్చాయి. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి రాజ్యసభకు కనీస వయసు 35 నుంచి 30కి తగ్గిస్తూ సవరణ తెచ్చి నెగ్గించుకున్నారు. దేశ విభజనతో అంబేడ్కర్ సీటు పోతే, ఏళ్ల తరబడి తమను దుయ్యబట్టిన మనిషని తెలిసీ కాంగ్రెస్‌వాళ్లే ఆయన్ను బొంబాయి నుంచి మళ్లీ గెలిపించి తెచ్చుకున్నారు.

మన ఊళ్లలో ఒప్పందాలు వేరేగా కుదురుతాయి. పంచాయతీ ఎన్నికలు రాగానే గుడి ముందు పెద్దలు చేరతారు. సర్పంచ్ పదవికి పాట మొదలవుతుంది. ‘గుడికి ఇరవై లక్షలు’ అని ఒకరంటే ‘ఇరవై అయిదు’ అని ఇంకొకరు. పాడుకున్నవాడిదే పదవి, మిగిలినవాళ్లు నామినేషన్ వేయకూడదు, వేస్తే ఊళ్లో మాటామంచీ బంద్. మర్నాడు పేపర్లో ‘ఏకగ్రీవం’ అని వస్తుంది, ప్రభుత్వం నజరానా ఇస్తుంది, మనం ఊరి ఐకమత్యానికి మురిసిపోతాం. ఎస్సీలకు రిజర్వయిన చోట పెత్తందారు తన పాలేరుతో నామినేషన్ వేయించి పెత్తనం తనే చేస్తాడు. ఇది తెలియనివాళ్లెవరు? తెలిసీ నోరు మెదపనివాళ్లం మనం.

పట్నం చేరి మారామా? అద్దె ఇంటి గడప దగ్గర ఓనరు ముందుగా అడిగేది జీతమెంతని కాదు. ‘ఇంటిపేరేంటండీ?’ ఆ తర్వాత ‘ఏ ఊరు?’, ‘అక్కడ ఫలానావాళ్లు మీకేమవుతారు?’ కులం తేలేదాకా ఆ ఆరా ఆగదు. తేలాక కొందరికి ‘మా అబ్బాయినడిగి చెబుతాం లెండి’ అన్న జవాబొస్తుంది. మన ఇంటిపేరు మనల్ని గట్టెక్కించినప్పుడు తాళంచెవి పుచ్చుకుని లోపలికెళ్లాం. మనకంటే ముందొచ్చి తిరిగెళ్లినవాళ్లెవరని అడగలేదు. అమెరికా దాకా వెళ్లినవాళ్లం కూడా ఈ ఆరాను సామాన్లతో పాటే మోసుకెళ్లాం.

అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని 1948 నవంబర్ 29న సభ ‘మహాత్మాగాంధీ కీ జై’ నినాదాల మధ్య ఆమోదించింది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల్ని వెంటాడి చంపారు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ నెలంతా మనం రాష్ట్ర విభజన గురించీ, ఎన్నికల గురించీ గొంతులు చించుకున్నాం. ఈ తీర్పు గురించి మన ఇళ్లల్లో ఎంతసేపు మాట్లాడుకున్నాం?

నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానంలో సౌభ్రాతృత్వం లేదు. దాన్ని ముసాయిదా సంఘం పీఠికలో చేర్చింది. స్వేచ్ఛకు భంగం కలిగితే కోర్టుకెళ్లొచ్చు, సమానత్వం కోసం రిట్ వేయొచ్చు. పక్కవాణ్ని తోటిమనిషిగా చూడమని ఏ కోర్టూ ఇంటింటికీ వచ్చి చెప్పదు. ఆ పని మనకొదిలేశారు, మనం చేయలేదు. తప్పంతా నాయకుల మీదికి నెట్టేసి చేతులు దులుపుకున్నాం. ఆ నాయకులు పాటలో పదవి కొన్నది మన కళ్లముందే.

ఈసారి గుడి ముందు పాట మొదలైనప్పుడు, లేచి ‘ఎన్నిక పెట్టండి’ అనే మనిషి ప్రతి ఊళ్లో ఒకరైనా ఉండాలి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఇంటిపేరు అడగడం మానాలి; అడిగితే తీసుకునేవాళ్లు చెప్పడం మానాలి. ఈపాటి కూడా చేయలేకపోతే, ఏటా నవంబర్ 26న పీఠికను బిగ్గరగా చదివే హక్కు మనకు లేదు.