సుడిగుర్రం

పోయిన నెల మాట ఇచ్చిన ఊరగాయల సంగతి ఈ నెల కూడా వ్రాయలేకపోతున్నాను. సోదరీమణులు క్షమించాలి. ఏడు నెలలుగా మా ఇంటిల్లిపాదికీ ఒక గుర్రప్పిల్ల కాలు తప్ప వేరే ధ్యాస లేదు. ఇక ఆ కథ చెప్పేస్తే గాని నా కలం వేరే దారి పట్టేటట్లు లేదు.

గుర్రం అనగానే మన నాందేడ్ వాళ్ళకు ముందుగా జ్ఞాపకం వచ్చేవి హజూర్ సాహెబ్ గురుద్వారా గుర్రాలు. ఆ తరువాత లోహా తాలూకాలోని మాళేగావ్ యాత్ర. మార్గశిర బహుళంలో జరిగే ఆ ఖండోబా జాతరను మన ఇళ్ళలో పెద్దలు ఇప్పటికీ మల్లన్న జాతర అనే అంటారు. దేవుడు గుర్రమెక్కినవాడు గనుక ఆయన ముంగిట్లో గుర్రాల సంత సాగడం న్యాయమే గదా! రెండేళ్ళ క్రితం మా మేనల్లుడు అక్కడే, సగం అప్పు చేసి, ఏడాదిన్నర మగపిల్లను కొన్నాడు. దాన్ని పెళ్ళి బారాత్‌లకు తయారు చేసి నాలుగు డబ్బులు సంపాదిద్దామని వాడి ఆశ. బాద్షా అని పేరు పెట్టాడు.

బాద్షా వచ్చిన నెలకే గేటు స్తంభానికి గుద్దుకొని భుజం చెక్కుకుపోయింది. వానాకాలంలో కాలువలో పడింది. తరువాత ఎడ్లబండి చక్రానికి తగిలి పక్కటెముకల మీద వాచింది. చూసినవాళ్ళంతా దాని నొసలు వేలెత్తి చూపేవారు. అక్కడ ఒకటి ఉండవలసిన చోట రెండు సుళ్ళున్నాయి. సుళ్ళు చూసి గుర్రం కొనడం మనవాళ్ళకు కొత్త కాదు. మనుమంచి భట్టు వంటి కవి గుర్రాల లక్షణాలమీద తెలుగులో పద్యగ్రంథమే వ్రాశాడు. నాకు మాత్రం ఆ సుళ్ళలో వెంట్రుకలు తప్ప ఏమీ కనపడలేదు.

అర్ధాపూర్ దారిలో మా వాళ్ళ అరటితోట ఉంది. ఒకనాడు తెల్లవారుజామున అది ఆ తోట ముళ్ళతీగలో చిక్కుకున్నది. మేము పోయేసరికి వెనుక ఎడమకాలు, మడమకీలుకు కింద ముందువైపు, తోలు అరచేయంత ఊడి వేలాడుతున్నది. లోపల తెల్లని ఎముక! అక్క పసుపు, నూనె పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. ఎవరో సున్నం అన్నారు. డాక్టరుగారు ఫోనులోనే కేకవేశారు: “ఏమీ పూయకండి! కాచి చల్లార్చిన నీళ్ళలో లీటరుకు తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి కడగండి. శుభ్రమైన గుడ్డతో అదిమి కట్టండి. గుర్రాన్ని నడిపించకండి.”

వచ్చీ రాగానే ఆయన చేసిన మొదటి పని ధనుర్వాతపు సూది వెయ్యడం. ధనుర్వాతం గుర్రానికి సోకినంత సులభంగా మరే పశువుకూ సోకదట. విచిత్రమేమంటే మనుషులకు పాము కరిస్తే ఇచ్చే మందు ఈ గుర్రాల రక్తంలోనుంచే తీస్తారు. మనకు ప్రాణం పోసే జంతువుకు తుప్పుపట్టిన తీగ ప్రాణగండం.

కుట్లు వేశారు. అయిదో రోజుకు సగం కుట్లు తెగిపోయాయి. పుండు తగ్గకపోగా రెండు వారాల్లో పెద్దదైంది. మేనల్లుడు హడలిపోయాడు. అప్పుడు డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పిన సంగతి పశువులున్న ప్రతి ఇంటివారూ తెలుసుకోవాలి. గుర్రానికి మడమకీలు దిగువన కండ లేదు, తోలూ నరమూ ఎముకే. కింద రక్తప్రసారం తక్కువ, కదలిక ఎక్కువ. గాయం మొదట విచ్చుకొని తరువాతే పూడుకుంటుంది. అంచులనుంచి కొత్త తోలు సుమారు పది రోజులకు ఒక్క మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. ఈలోగా మధ్యలోనుంచి ఎర్రగా దుర్మాంసం గోభీపువ్వులాగ పొంగుతుంది. అది అంచుకంటే ఎత్తు పెరిగితే కొత్త తోలు దాని మీదికి ఎక్కలేదు. వెనుకటివాళ్ళు మైలుతుత్తంతో కాల్చేవారు. దానితోపాటు కొత్త తోలూ కాలిపోయేది. డాక్టరుగారు కత్తితో సమానంగా చెక్కారు. రక్తం ధారగా వచ్చింది గాని బాద్షా కదలలేదు. ఆ మాంసంలో నొప్పి తెలిసే నరాలుండవట. మేనల్లుడు మాత్రం మొగం తిప్పుకున్నాడు.

ఆపైన మూడు రోజులకొకసారి కట్టు మార్చడం, మెత్తగా దూది పొరలు వేసి బిగించడం మా పని. ఆయన కట్టు విప్పిన ప్రతిసారీ బాగున్న కాలును కూడా తడిమేవారు. గిట్ట వెచ్చగా ఉన్నదా, గిట్ట పైన నాడి గట్టిగా కొట్టుకుంటున్నదా అని. ఎందుకని అడిగితే అమెరికా గుర్రం బార్బారో కథ చెప్పారు. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన రెండు వారాలకే మరో పందెంలో దాని కుడి వెనుకకాలు విరిగింది. 27 మరలతో ఎముక అతికించారు, ఎముక అతుక్కున్నది కూడా. కాని బరువంతా మోసిన ఎడమకాలి గిట్ట చెడిపోయింది. 2007 జనవరిలో దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చవలసి వచ్చింది. ఆ రోజునుంచి మేము కొట్టంలో గడ్డి మోకాలెత్తు పరిచాము. బాగున్న కాలుకు కూడా కట్టు కట్టాము. శనగల దాణా మానేసి జొన్నచొప్ప, పచ్చగడ్డి పెట్టాము. కదలకుండా నిలబడ్డ గుర్రానికి దాణా ఎక్కువైతే కడుపునొప్పి వస్తుంది, వాంతి చేసుకోవడం దానికి చేతకాదు. ఒంటరిగా ఉండలేక గోడలు తన్నడం మొదలుపెడితే ఒక మేకను తోడు కట్టాము. మూడో రోజుకు మేక దాని తొట్టిలో నిద్రపోతున్నది!

అయిదో వారంలో కూడా చీము ఆగలేదు. అప్పటికే ఒక బేరగాడు రెండుసార్లు వచ్చిపోయాడు. మేనల్లుడు నా దగ్గర కూర్చొని, “మామా, దీని నసీబే గింత. ఇచ్చేస్త. అప్పన్న తీరుతది” అన్నాడు. బేరగాడు ఎక్కడికి తోలుకుపోతాడో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కసారి పరభణి పశువైద్య కళాశాలలో చూపించి ఆ తరువాత నీ ఇష్టమన్నాను. టెంపోలో తీసుకుపోయాము.

ఎక్సరేలో సంగతి బయటపడ్డది. గాలి తగిలి ఎండిపోయిన ఎముక పెచ్చు ఒకటి లోపల ఉండిపోయింది. గోరంత ఉన్న దాన్ని తీసేశారు. కాని దానికంటే ముందే అక్కడి డాక్టరు ఒకాయన కాలు చూడడం మాని గుర్రం మొగం వైపు నిలబడ్డారు. వాకిలి దాటేటప్పుడు అది ఎడమ స్తంభానికి గుద్దుకోవడం ఆయన కంటబడ్డది. ఎడమకంటి ముందు చేయి ఆడించారు. రెప్ప వాలలేదు. టార్చి వేసి చూస్తే కంటిలో నీలిపొర. ఎప్పటిదో పాత వాపు కంటి చూపును తినేసిందని చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో మేమిద్దరం లెక్క వేసుకున్నాము. గేటు స్తంభం ఎడమ. కాలువ ఎడమ. బండి చక్రం ఎడమ. తీగ ఎడమ. ఇన్నాళ్ళు నొసటి మీద సుళ్ళు లెక్కపెట్టిన మాలో ఒక్కడూ దానికి జానెడు పక్కనున్న కన్ను చూడలేదు. సిగ్గువేసింది సుమండీ.

పెచ్చు తీసిన పది రోజులకు చీము ఆగింది. మూడో నెలనుంచి పూటకు అయిదు నిమిషాలు చేతితో పట్టుకొని నడపడం, వారానికి కాస్త పెంచడం. ముళ్ళతీగ పీకించి వెదుళ్ళు కట్టించాము, వాటికి తెల్లగుడ్డ పేలికలు వ్రేలాడదీశాము. బారాత్ ఆశ మాత్రం పోయింది. బ్యాండు మేళం, టపాకాయల మధ్యకు ఒంటికంటి గుర్రాన్ని పంపడం పెళ్ళికొడుక్కూ క్షేమం కాదు, దానికీ కాదు. అప్పు ఇంకా మిగిలే ఉంది. మేనల్లుడు అరటిగెలల మీద తీరుస్తానంటున్నాడు.

ఇప్పుడు ఆ కాలి మీద రూపాయి బిళ్ళంత వెంట్రుకలు లేని మచ్చ మిగిలింది. మా అక్క రోజూ పొద్దున కుడితి పట్టుకొని ఎడమవైపునుంచే పోతుంది. పదడుగుల దూరంనుంచే “బాద్షా, నేనే రా” అని కేకవేస్తుంది. అది చెవి తిప్పి, మేకను తొలగించుకొని, ఆమె వైపు జరుగుతుంది.