కోడంబాక్కము: హక్కు పోయినను జ్ఞాపకము పోవలెనా?

చెన్నపురి యాంధ్రులలో కోడంబాక్కము పేరు విననివారుండరు. సినిమా యనుటకు బదులు కోడంబాక్కమనియే చెప్పుకొనిన కాలమొకటి యుండెను. అయినను ఆ ప్రదేశము పూర్వమెట్టిది, దాని నెవ్వరు నిర్మించిరి, అందు మనవారి పాలెంత యను ప్రశ్నలకు బదులు చెప్పగలవారు నానాటికి తగ్గుచున్నారు. ఈ మఱపు మనకు శోభించునది కాదు.

కోడంబాక్కము మొదట నగరపు పొలిమేరనున్న పల్లె. నవాబుల గుఱ్ఱముల తోట, అనగా ఘోడాబాగు, అను మాటనుండి ఈ పేరు పుట్టెనని జనశ్రుతి కలదు. వినుటకు సొంపుగా నున్నను దానిని నమ్ముట కష్టము. ఇరుగుపొరుగులనున్న నుంగంబాక్కము, విరుగంబాక్కముల పేళ్లను చూచిన, ఊరను అర్థముగల అరవపదమే వీని యన్నింటి తుదను గలదని తెలియును. తూర్పుదిక్కున నుంగంబాక్కము మొదలు సైదాపేట వైపునకు వ్యాపించిన పెద్ద చెఱువొకటి ఈ పల్లెను పట్టణమునుండి వేఱుచేయుచుండెను. 1920 తరువాతి దశాబ్దమున ఆ చెఱువును పూడ్చి త్యాగరాయనగరమును కట్టిరి. ఆ నగరమునకు పేరైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారును, అందలి యుద్యానమునకు పేరైన పానగల్లు రాజాగారును తెలుగువారే. వానలు ముమ్మరించిన యేట ఆ వీథులలో నీరు నిలుచుటను చూచినవారికి చెఱువు తన చోటును మఱవలేదని తోచును. మనుష్యులే మఱచిరి.

1931లో సముద్రతీరపు స్టేషనునుండి తాంబరమువఱకు విద్యుద్రైళ్లు నడువ నారంభించెను. దానితో రైలుదారికి పడమట, ఆర్కాటు రోడ్డు కిరుప్రక్కలనున్న బయలు పట్టణమునకు చేరువయ్యెను. మాటల చిత్రములు తీయువారికి విశాలమైన స్థలము, నిశ్శబ్దము, పనివాండ్రు వచ్చిపోవుటకు దారి కావలయును. ఈ మూడును అచ్చట లభించెను. 1948లో ఏ.వి.ఎం. సంస్థ కారైక్కుడినుండి వడపళనికి తరలివచ్చెను. మూలా నారాయణస్వామి, బి.ఎన్. రెడ్డిగార్ల పూనికచే వాహినీ స్టూడియో ఆ ప్రాంతముననే వెలసెను. తరువాత అది నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థతో కూడి విజయా-వాహినియై ఆసియాఖండమున మిక్కిలి పెద్ద స్టూడియోలలో నొకటిగా పేరొందెను. సాలిగ్రామమున భానుమతీ రామకృష్ణులు భరణీ స్టూడియోను, ఎల్.వి. ప్రసాదుగారు తమ స్టూడియోను నెలకొల్పిరి.

ఇచ్చట పాఠకులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. చెన్నపురి ఎవ్వరిదను వివాదము ఆ సంవత్సరములందే చెలరేగెను. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు ఈ నగరముననే ప్రాణము లర్పించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను, చెన్నపురి మనకు దక్కలేదు. దావా ఓడితిమి. అయినను మనవారు పనిముట్లు సర్దుకొని పోలేదు. 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజారు ఓడిన ఆ పట్టణముననే రూపొందినవి. మాయాబజారును తెలుగున, అరవమున రెంటను తీసిరి. రెంటను ఎస్.వి. రంగారావుగారే ఘటోత్కచుడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ తెలుగువాడును కాడు, అరవవాడును కాడు. కోడంబాక్కమును మనకు సొంతము చేసినది హక్కుపత్రము కాదు, పని. ఆ పనియును మన మొక్కరిదే కాదు.

పిమ్మట హైదరాబాదున సారథీ, అన్నపూర్ణా స్టూడియోలు వెలసెను. ప్రభుత్వపు ప్రోత్సాహమును తోడయ్యెను. పరిశ్రమ క్రమముగా తరలిపోయెను. తెలుగుచిత్రములు తెలుగుదేశమున తయారగుట న్యాయమే, దానికి విచారింప బనిలేదు. స్టూడియోల నేలపై ఆసుపత్రియు, అంగళ్ల సముదాయమును లేచుటయు అన్యాయము కాదు. సొమ్ము యజమానులది. స్థిరాస్తికి దస్తావేజు గలదు, రిజిస్ట్రారు గలడు. జ్ఞాపకమున కెవ్వరు రిజిస్ట్రారు?

ఏ.వి.ఎం. వారు 2023లో తమ పాత వాహనములను, యంత్రములను ప్రదర్శనశాలగా నేర్పఱచిరి. ఒక కుటుంబము చేయగలిగిన దానిని ఈ నగరమునందలి తెలుగు న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు కలసి చేయలేరా? ఇందుకు కోట్ల ధనము అక్కఱలేదు. స్టూడియోలుండిన స్థలములలో యజమానుల యనుమతితో తెలుగున, అరవమున పలకలు నిలుపవచ్చును. ఇండ్ల అటకలపై చెదలు తినుచున్న ఒప్పందములను, ఛాయాపటములను, జీతపు పట్టీలను సేకరింపవచ్చును. అన్నిటికన్న ముందుగా, సెట్లు కట్టిన వడ్రంగులు, దీపములు మోసినవారు, వాద్యకారులు చెప్పు మాటలను వ్రాసి యుంచవలయును. నటుల చరిత్రలు పుస్తకములయందున్నవి. వీరి చరిత్ర వీరితోడనే యున్నది, వారిలో పలువురు ఇప్పటికే వృద్ధులు.

నగరము మనది కాదు గదా, మనకెందుకని కొంద ఱందురు. నగరము మనది కాకపోయినను అందు చేసిన పని మనది. 1953లో ఓడినది హక్కు మాత్రమే. జ్ఞాపకమును గూడ ఓడినచో ఆ నేరము మఱియెవ్వరిపైనను మోప వీలుగాదు.