చీకటి వీధుల లెక్క ఎవరు రాయాలి?

ఒక వీధి ఆడవాళ్లకు భయం గొల్పుతుందా లేదా అన్నది ఎవరు తేల్చాలి? పోలీసు స్టేషన్‌లో నమోదైన కేసులా, ఆ వీధిన రోజూ నడిచే స్త్రీలా? కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే మహిళా సంస్థ 1989లోనే దీనికో పద్ధతి చూపించింది. చీకటి పడ్డాక స్త్రీలు కొందరు కలిసి తమ వీధుల్లో నడవాలి. ఎక్కడ దీపం లేదు, ఎక్కడ గోడ చాటుంది, పిలిస్తే పలికే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు అని కాగితం మీద రాసి నగరపాలకుల ముందు పెట్టాలి. ఢిల్లీలో జాగోరి సంస్థ ఇదే పని చేసింది. జాగోరిలో పనిచేసిన కల్పనా విశ్వనాథ్, ఆశీష్ బసుతో కలిసి 2013లో సేఫ్టీపిన్ అనే చిన్న కంపెనీ పెట్టి ఆ కాగితాన్ని మొబైల్ ఫోన్‌లోకి తెచ్చారు.

వెలుతురు, చుట్టూ ఖాళీ, ఇళ్ల నుంచీ దుకాణాల నుంచీ వీధి కనబడటం, జనసంచారం, కాపలా, నడకదారి, బస్సు ఆటోల అందుబాటు, ఆ జనంలో స్త్రీలెందరు, చివరగా అక్కడ నిలబడితే మనసుకు ఎలా ఉంది - ఈ తొమ్మిదింటికీ మార్కులు వెయ్యాలి. నడిచేవాళ్లు చాలనప్పుడు కారు అద్దానికి ఫోన్ బిగించి రాత్రిపూట ఫొటోలు తీస్తారు. ఢిల్లీలో 2016లో ఇలా తేలిన చీకటి చోట్లు 7,000 పైచిలుకు. ఆ జాబితా ప్రభుత్వానికి చేరాక సగానికి పైగా చోట్ల వెలుతురు వచ్చిందని తర్వాతి లెక్క. దీపాలు పెట్టించండి మహాప్రభో అని అర్జీ ఇస్తే ఏ మూలో పడి ఉండేది. ఫలానా స్తంభం దగ్గర అని పటం చూపిస్తే ఇంజనీరు తప్పించుకోలేడు. తొమ్మిదో అంశం మాకు అన్నిటికంటే నచ్చింది. ఆడదాని భయాన్ని సాక్ష్యంగా ఇంతకుముందు ఎవరు ఒప్పుకున్నారు గనుక?

చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ మనసు ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఆ తర్వాత పెరిగి ఉంటారు, నిజమే. అయినా హైదరాబాద్‌లో తెల్లవారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే పారిశుధ్య కార్మికురాలికీ, నాలుగిళ్లలో పాచిపని ముగించుకుని రాత్రి బస్తీకి చేరే స్త్రీకీ తెలిసినంతగా చీకటి వీధులు ఇంకెవరికి తెలుసు? కారు పోలేని సందులోకి దాని అద్దానికి బిగించిన ఫోనూ పోదు.

ఫోనున్నవాళ్లు ముస్లింల బస్తీ గుండానో దళితవాడ గుండానో ఒక్కసారి వెళ్లి, ఎందుకో బాగా అనిపించలేదని మార్కులు తగ్గిస్తే ఏమవుతుంది? అది స్త్రీ భయమా, కులమతాల తిరస్కారమా? పటం మీద రెండూ ఒకే రంగులో కనిపిస్తాయి. అలా మచ్చ పడిన పేటలోని ఆడపిల్లలకు ముందు వచ్చేది దీపం కాదు, పోలీసుల సోదాలు. ఆ పటాన్నే చూపి కూతురి సాయంత్రం క్లాసులు మాన్పించే తండ్రులూ ఉంటారు. భద్రత పేరు చెప్పి మనల్ని ఇంట్లో కూర్చోబెట్టడం కొత్తేమీ కాదు. స్త్రీలపై నేరాల కింద ఏటా నమోదయ్యే కేసుల్లో అన్నిటికంటే ఎక్కువ భర్త, అతని బంధువుల క్రూరత్వానివే. ఇంటికి మాత్రం ఎవరూ మార్కులు వెయ్యరు!

అందుకని ఈ పనిముట్టు వద్దని మేం అనడం లేదు. అది బస్తీ స్త్రీల చేతుల్లో ఉండాలి, వాళ్లు సేకరించిన సమాచారం వాళ్లకు పైసా ఖర్చు లేకుండా తిరిగి చేరాలి. ఫోన్ లేనిచోట టొరంటో స్త్రీల కాగితం ఇప్పటికీ పనికొస్తుంది. సంఘాలు తమ వార్డుల్లో ఈ నడకలు జరపాలి. పారిశుధ్య కార్మికులతో తెల్లవారుజామున, ఇళ్లలో పనిచేసేవాళ్లతో రాత్రి, వాళ్లు నడిచే దారినే నడవాలి. జాబితా ఒక ప్రతి కార్పొరేషన్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ చర్యా కనిపించకపోతే ఏం చేశారని సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో చెప్పి తీరాలి. జాబితానూ, వచ్చిన జవాబునూ మాకు పంపితే వచ్చే సంచికలో ప్రచురిస్తాం.