ప్రభుత్వ భవనాల్లో అందరి మరుగుదొడ్డి: పురపాలక సంఘాలు చేయాల్సిన నిబంధన

మునిసిపల్ ఆఫీసు, బస్టాండు, ఆస్పత్రి, రైతుబజారు, కలెక్టరేటు, ఎక్కడ చూసినా మరుగుదొడ్ల తలుపులు రెండే. ఒకదాని మీద స్త్రీ బొమ్మ, ఇంకోదాని మీద పురుషుడి బొమ్మ. ఈ రెండింటికీ తోడు, ఎవరైనా వాడుకోగల గది ఒకటి ప్రతి ప్రజా భవనంలోనూ తప్పనిసరిగా ఉండాలని పురపాలక సంఘాలు నిబంధన చేయాలి. లింగభేదం లేని టాయిలెట్ అంటే ఇదే. నాలుగు నిండు గోడలు, ఒక కమోడు, లోపలే కుళాయి, లోపలినుంచి వేసుకునే గడియ. ఒకసారికి ఒక్కరు, లేదా ఒకరూ వారికి తోడొచ్చినవారూ వాడుకుంటారు. ఇళ్లలో ఉండే మరుగుదొడ్డి కూడా ఇలాంటిదే. దానికి ఆడ, మగ బోర్డు ఎవరూ తగిలించరు.

దీని అవసరం అందరికన్నా ఎక్కువ ట్రాన్స్‌జెండర్లకు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’గా నమోదైనవారు 43,769 మంది. బయటికి చెప్పుకోలేక ఆ లెక్కలోకి రానివారు వేరే. ఆడవాళ్ల వైపు వెళ్తే కేకలు, మగవాళ్ల వైపు వెళ్తే వెకిలి మాటలు, ఒక్కోసారి ఒంటిమీద చేతులు. గుమ్మం దగ్గర డబ్బులు వసూలు చేసే మనిషి ఎటు వెళ్లాలో తనే తేలుస్తాడు. ఈ బాధ పడలేక, బయట పని ఉన్న రోజున పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. నీళ్లు తాగకుండా, మూత్రం బిగబట్టుకుని గంటలు గడిపితే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. 2024 చివర్లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఇది మంచి నిర్ణయం. అయితే కూడలిలో డ్యూటీ చేసేవారికి దగ్గర్లోని పబ్లిక్ టాయిలెట్టే దిక్కు.

బహిరంగ స్థలాలనుంచి ట్రాన్స్‌జెండర్లను దూరంగా ఉంచడం ఈనాటిది కాదు. నిజాం కాలంలో 1919లో వచ్చిన చట్టం ప్రకారం, ఆడవేషంలో వీధిలో కనబడిన హిజ్రాను వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది 2023 జూలైలో! చట్టం పోయినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. దానికి ఒక గది కట్టాలి.

ఆ గది ఒక్క వర్గానికే పనికొచ్చేదీ కాదు. సోమవారం కలెక్టరేటులో అర్జీలిచ్చే ప్రజావాణికి పక్షవాతం వచ్చిన భర్తను ఆటోలో తీసుకొచ్చిన భార్య, అతన్ని మగవాళ్ల టాయిలెట్ దాకా నడిపించి గుమ్మంలో ఆగిపోతుంది. లోపల ఆయన పంచె సర్దేదెవరు, లేవదీసేదెవరు? అక్కడ నిలబడిన ముక్కూమొహం తెలియని వారిని బతిమాలుకోవాలి. ముసలి తల్లిని ఓపీకి తెచ్చిన కొడుకుదీ ఇదే అవస్థ. ఐదేళ్ల కూతురితో బస్టాండులో దిగిన తండ్రి, పిల్లను ఒంటరిగా ఆడవాళ్ల వైపు పంపలేడు, మగవాళ్ల మధ్యకు తీసుకెళ్లనూలేడు. వీరందరికీ పరిష్కారం ఆ ఒక్క గదే.

ట్రాన్స్‌జెండర్ల కోసమే విడిగా టాయిలెట్ కట్టడం కొన్ని నగరాలు ఎంచుకున్న దారి. దాని వెనక సదుద్దేశం ఉంది, చట్టబలమూ ఉంది. కానీ ఆ బోర్డున్న తలుపు తీసి లోపలికి వెళ్లడమంటే నలుగురిలో తానెవరో ప్రకటించుకోవడమే. ఇంట్లో ఇంకా చెప్పని కుర్రవాడు గానీ, కాలేజీ అమ్మాయి గానీ అందులోకి అడుగుపెట్టరు. వాడేవారు తక్కువైతే తాళం పడుతుంది, కొన్నాళ్లకు చీపుళ్లూ ఫినాయిల్ డబ్బాలూ పెట్టుకునే గదిగా మిగులుతుంది. ఎవరైనా వెళ్లగలిగే గదిలోకి వెళ్లేవారిని ఎవరూ ప్రత్యేకించి చూడరు. అందుకే విడి టాయిలెట్ కన్నా అందరి టాయిలెట్ మేలు.

దీనిపై స్త్రీల నుంచి వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఉన్న ఆడవాళ్ల టాయిలెట్లే చాలడం లేదు. వాటి బోర్డు మార్చి అందరివీ చేస్తే నష్టపోయేది స్త్రీలే. ఇంగ్లండ్‌లో ఈ గొడవే వచ్చింది. కొన్ని సంస్థలు స్త్రీ, పురుష టాయిలెట్లు రెండింటినీ ఉమ్మడివి చేసేసరికి స్త్రీలు గట్టిగా వ్యతిరేకించారు. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడి భవన నిబంధనల్లో కొత్త భాగం చేరింది. దాని ప్రకారం కొత్తగా కట్టే నివాసేతర భవనాల్లో స్త్రీలకూ పురుషులకూ వేరువేరు టాయిలెట్లు ఉండాలి, చోటుంటే వాటికి అదనంగా అందరి టాయిలెట్ పెట్టవచ్చు. చోటు చాలనప్పుడు మాత్రమే దానితో సరిపెట్టుకోవచ్చు. ఆ గది పూర్తి గోడలతో, సొంత వాష్‌బేసిన్‌తో, లోపలి గడియతో ఉండాలి. ఇక్కడ కోరేదీ అదే పద్ధతి. ఆడవాళ్ల టాయిలెట్లలో ఒక్కటీ తగ్గకూడదు.

తలుపు అడుగున జానెడు సందు, పైన ఖాళీ వదిలేసిన సగం గోడలు, గడియ ఊడిపోయి బెజ్జం మాత్రం మిగిలిన తలుపు, ఇవన్నీ పబ్లిక్ టాయిలెట్లలో మామూలే. అందరి గదిలో వీటిలో ఏదీ ఉండకూడదు. తలుపు జనం తిరిగే వరండాలోకి తెరుచుకోవాలి, సందు చివరకు కాదు. చక్రాల కుర్చీ తిరిగేంత చోటు, పట్టుకోవడానికి కమ్మీ, బకెట్టూ మగ్గూ, సంచి తగిలించుకునే కొక్కెం, ప్యాడ్లు వేసే మూత డబ్బా, ఆరిపోని లైటు కావాలి. కొక్కెం చిన్న విషయమే, కానీ తడి నేల మీద చేతిసంచి పెట్టలేక ఇబ్బంది పడేవారికి దాని విలువ తెలుసు.

చిన్న ఆఫీసుల్లో కొత్త కట్టడం కూడా అక్కర్లేదు. ఒక్కరే వాడుకునే, గడియ ఉన్న టాయిలెట్లు చాలాచోట్ల ఉన్నాయి. న్యూయార్క్ నగర కౌన్సిల్ 2016లో చేసిన చట్టం, ఇలాంటి ఒంటి గదులన్నిటి మీదా ఆడ, మగ బోర్డులు తీసేయాలంది. 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయిన ఖర్చు బోర్డుకే. ఢిల్లీలోని సుప్రీంకోర్టు ప్రాంగణంలోనూ 2023లో అందరూ వాడుకునే టాయిలెట్లు తొమ్మిది ఏర్పాటయ్యాయి.

చట్టం విషయంలో సందేహం లేదు. 2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లకు పబ్లిక్ టాయిలెట్లు కల్పించాలని ఆదేశించింది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం ప్రజలందరికీ ఉన్న సౌకర్యాలను వారికి నిరాకరించడాన్ని నిషేధించింది. ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు వాష్‌రూముల ఏర్పాటుకు రెండేళ్ల గడువు పెట్టాయి. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు, అన్ని కోర్టు ప్రాంగణాల్లోనూ స్త్రీలకు, పురుషులకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు టాయిలెట్ వసతి ఉండాలని, అది 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది.

భవన నిర్మాణ నియమాలు, అంటే తెలంగాణలో 2012 నాటివి, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటివి, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవోలు. వాటిని మార్చమని ప్రతి కౌన్సిల్ తీర్మానం చేసి పంపాలి. కానీ అంతదాకా ఆగే పని లేదు. సొంత భవనాలు, మార్కెట్ కాంప్లెక్సులు, కమ్యూనిటీ హాళ్లు, పే అండ్ యూజ్ టాయిలెట్లు కౌన్సిల్ చేతిలోనివే. వచ్చే సమావేశం అజెండాలో ఈ అంశం పెట్టి, ఒంటి గదుల బోర్డులు నెలలోపు మార్చాలని, ఇకపై వేసే ప్రతి ప్లానులో అందరి గది ఉండాలని, పాత భవనాలకు ఏడాది గడువని తీర్మానించవచ్చు. నిర్వహణ టెండరులో ఒక షరతు చేర్చాలి: భవనం తెరిచి ఉన్నంతసేపూ ఆ గది తెరిచి ఉండాలి, తాళం కనబడిన రోజుకు కాంట్రాక్టరు బిల్లులో కోత పడాలి. గుమ్మం దగ్గర కూర్చునే సిబ్బందికి, ఎవరినీ ఆపకూడదనీ ఎందుకని అడగకూడదనీ రాతపూర్వకంగా చెప్పాలి. ఫిర్యాదు చేయాల్సిన అధికారి హోదా, ఫోన్ నంబరు తలుపు పక్కనే తెలుగులో రాయించాలి.