తోడేలా? మనిషా?

కరెంటు పోయిన రాత్రి పిల్లలు చుట్టూ చేరి కథ చెప్పమంటే మీరేం చెబుతారండీ? పోయిన వారం మా మనవడు నా కథలేవీ వద్దన్నాడు. "అమ్మమ్మా, రాత్రిపూట తోడేలుగా మారిపోయే మనిషి నిజంగా ఉంటాడా?" అని అడిగాడు. "అదంతా సినిమా నాన్నా" అని నోటికొచ్చింది చెప్పి, పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టేశాను. వాడు పడుకున్నాడు గానీ నాకే నిద్ర పట్టలేదు. ఎందుకంటే వాడికి నేను చెప్పింది సగమే నిజం. రూపం మార్చే జంతువుని చూశామని మన దేశంలోనే, మనం సంసారాలు చేసుకుంటున్న ఈ కాలంలోనే వందలమంది చెప్పారు. ప్రాణాలూ పోయాయి. పోయినవి ఎవరి ప్రాణాలో చూస్తే మాత్రం కథ వేరేగా కనిపిస్తుంది.

అమెరికా వాళ్ళకీ ఈ ముచ్చట ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్క్‌హార్న్ అనే చిన్న ఊరి దగ్గర బ్రే రోడ్డు అని ఒకటుంది. ఆ రోడ్డు మీద మనిషిలా మోకాళ్ళ మీద కూచుని, చచ్చిన జంతువుని చేతుల్లో పట్టుకు తింటున్న తోడేలుని చూశామని కొందరు చెప్పారట. లిండా గాడ్‌ఫ్రే అనే స్థానిక విలేఖరి 1991 చివర్లో దాని గురించి పత్రికలో రాశారు. తర్వాత ఆవిడ పుస్తకాలే రాశారు. అక్కడ జనం కాస్త భయపడ్డారు, ఆ తర్వాత సరదా పడ్డారు. అంతటితో సరి. అక్కడ ఇళ్ళకి తలుపులున్నాయి, వీధి దీపాలున్నాయి, స్నానాల గది ఇంట్లోనే ఉంది. ఈ మాట ఎందుకన్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

1996లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలు ప్రతాప్‌గఢ్, జౌన్‌పూర్, సుల్తాన్‌పూర్‌లలో పసిపిల్లలు మాయమవడం మొదలైంది. ఎండాకాలంలో మొదలై వానాకాలం దాకా సాగింది. ముప్పై మందికి పైగా పిల్లలు చనిపోయారు. అటవీ శాఖ వాళ్ళు తోడేలన్నారు. ఊళ్ళలో వాళ్ళు మాత్రం "తోడేలు కాదు, మనాయి" అన్నారు. మనాయి అంటే సగం మనిషి, సగం తోడేలు. పగలు మనలాగే తిరుగుతుందట, రాత్రి నాలుగు కాళ్ళ మీద వస్తుందట.

ఒక ఊళ్ళో జరిగింది చదివితే గుండె చెరువైపోతుంది. మసక చీకటి వేళ ఒక తల్లి తన పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి చివర గడ్డి మైదానంలోకి వెళ్ళింది. ఎందుకో చెప్పక్కర్లేదు కదా. ఇంట్లో మరుగుదొడ్డి లేదు. అక్కడే నాలుగేళ్ళ బాబుని మెడ దగ్గర పట్టుకుని ఎత్తుకుపోయింది. తర్వాత విలేఖరులు వచ్చి అడిగితే, ఆ బాబు అక్క, పదేళ్ళ పిల్ల, తను చూసింది చూసినట్టు చెప్పింది. అది నాలుగు కాళ్ళ మీద వచ్చిందట, తమ్ముణ్ణి పట్టుకోగానే మనిషంత ఎత్తున లేచి నిలబడిందట, భుజాన వేసుకుపోయిందట. నల్ల కోటు, నెత్తిన హెల్మెట్, కళ్ళకి అద్దాలు కూడా ఉన్నాయందట.

ఆ పిల్ల అబద్ధం చెప్పిందని నేననను. మీరూ అనకండి. తమ్ముడు కళ్ళ ముందే పోతే, అంత ఘోరం చేసింది పాతిక కిలోలు కూడా ఉండని ఒక బక్క జంతువంటే ఆ పసి మనసు ఎలా ఒప్పుకుంటుంది? మన దేశపు తోడేలు అంతేనండీ, ఊరకుక్క కంటే కాస్త పెద్దది. పైగా ఊళ్ళో పెద్దలంతా అప్పటికే మనాయి అనుకుంటున్నారు. చెవిన పడిన మాటే కంటికి కనబడుతుంది. చీకట్లో దండెం మీద తువ్వాలు మనకి మనిషిలా కనబడటం లేదూ?

తోడేళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన యాదవేంద్రదేవ్ ఝాలా అనే శాస్త్రజ్ఞుడు, దినేశ్ కుమార్ శర్మ అనే సహచరుడు ఆ ఊళ్ళు తిరిగి చూశారు. అడుగుజాడలు, గాయాల తీరు, పిల్లల్ని ఎత్తుకుపోయిన పద్ధతి అన్నీ తోడేలువేనని తేల్చారు. వాళ్ళు చెప్పినదాంట్లో నన్ను కుదిపేసిన సంగతి ఇంకొకటుంది. అక్కడ తోడేలు తినడానికి అడవి జంతువులు దాదాపు లేవు. మేకల్ని, గొర్రెల్నేమో జనం గట్టిగా కాపాడుకుంటున్నారు. అవి పోతే సంసారం గడవదు మరి. పిల్లలు మాత్రం బయట, కాపలా లేకుండా ఉండిపోయారు. పేద ఇళ్ళ పిల్లలు, తల్లో తండ్రో ఒక్కరే కూలికెళ్ళి పెంచుకునే పిల్లలు. కూలికెళ్ళిన తల్లిని తప్పుపట్టే నోళ్ళు ఎక్కడైనా ఉంటాయి, అక్కడా ఉండే ఉంటాయి. వెళ్ళకపోతే పొయ్యి ఎవరు వెలిగిస్తారో ఆ నోళ్ళు చెప్పవు.

ఇక మనాయి మాట నమ్మిన ఊళ్ళలో ఏమైందంటారా? తోడేలైతే అడవిలో వెతకాలి. మనిషే తోడేలైతే? దారిన పోయే కొత్తవాళ్ళలో వెతకాలి. అదే జరిగింది. సాధువులు, బిచ్చగాళ్ళు, పొరుగూరు వాళ్ళు, ఎవరు కనబడితే వాళ్ళ మీద పడ్డారు. కొందర్ని కొట్టి చంపేశారు కూడా. తోడేలు పిల్లల్ని తీసుకుపోతూనే ఉంది, వీళ్ళు మనుషుల్ని కొడుతూనే ఉన్నారు.

2001 మే నెలలో ఢిల్లీ వంతు వచ్చింది. కోతి మనిషి! ఆ పేరు మీకూ గుర్తుండే ఉంటుంది. నాలుగడుగుల ఎత్తు, ఒళ్ళంతా నల్ల వెంట్రుకలు, ఎర్రటి కళ్ళు, ఇనప గోళ్ళు. కొందరు హెల్మెట్ కూడా పెట్టారు (ఈ హెల్మెట్ ఎక్కడికి పోయినా వెంటే వస్తోంది చూశారా!). గుండె మీద మీట నొక్కుకుంటే మాయమవుతాడనీ, పిల్లిగా మారిపోతాడనీ కూడా చెప్పుకున్నారు. పోలీసులకి వందల ఫోన్లు వెళ్ళాయి. ఊహాచిత్రాలు గీయించారు, పట్టిస్తే 50,000 రూపాయల బహుమతి అన్నారు.

అసలే ఉడికిపోయే ఎండలు, రాత్రుళ్ళు కరెంటు కోతలు. తూర్పు ఢిల్లీ ఇరుకు ఇళ్ళలో పడుకోలేక జనం డాబాల మీదికి చేరారు. ఎవరో "వచ్చాడు!" అని అరవడం, అంతా చీకట్లో లేచి పరుగెత్తడం. అలా అరుపు విని కంగారుగా దిగుతూ ఒక నిండు గర్భిణి మెట్ల మీంచి పడి చనిపోయింది. కోతి మనిషి ఆవిడ ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. పొట్టిగా ఉన్నాడన్న పాపానికి ఒక సాధువుని చావబాదారు. చివరికి డాక్టర్లు గాయాలు పరీక్షించి, చాలావరకు పైపై గీతలు, ఎలక కొరుకుళ్ళు, ఎవరి గోళ్ళు వాళ్ళకే తగిలినవి అన్నారు. అలాంటి ప్రాణి ఏదీ లేదని పోలీసులు తేల్చారు.

నిద్రలో మెలకువ వచ్చినట్టుంటుంది, కాలూ చెయ్యీ కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. మీలో చాలామందికి ఒక్కసారైనా అయ్యుంటుంది. మా అత్తగారు దాన్ని దయ్యం తొక్కడం అనేవారు. డాక్టర్లని అడిగితే, మెదడు మేలుకున్నా ఒళ్ళింకా నిద్రలోనే ఉండిపోయే స్థితి అంటారు. నిద్ర సరిగ్గా లేనివాళ్ళకి, అలసిపోయినవాళ్ళకి ఎక్కువట. అలసిపోయేదెవరో మనకి తెలియదూ?

2017లో వచ్చినది మరీ ఆడవాళ్ళ మీదే వచ్చింది. రాజస్థాన్, హర్యానా, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్‌లలో నిద్ర లేచి చూసుకుంటే జడ తెగి పడి ఉందని ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. తలనొప్పి వచ్చిందనీ, స్పృహ తప్పిందనీ, పిల్లి లాంటిదేదో కనబడిందనీ అన్నారు. గుమ్మాలకి వేపమండలు, నిమ్మకాయ మిరపకాయలు వేలాడాయి. తమకి తెలియకుండా వాళ్ళే కోసుకుని ఉండొచ్చని మానసిక వైద్యులన్నారు. ఇది వినగానే నవ్వొస్తుంది గానీ, మనసులో ఎంత ఒత్తిడి ఉంటే చెయ్యి అలా వెళుతుంది? ఆ మాట ఎవరూ నిదానంగా కూర్చుని అడిగినట్టు లేదు.

అదే ఆగస్టు 2న ఆగ్రా దగ్గర పల్లెలో అరవై దాటిన ఒక ముసలావిడ తెల్లవారకముందే బహిర్భూమికి వెళ్ళింది. చూపు సరిగ్గా ఆనదు. దారి తప్పి వేరే వాళ్ళ ఇంటివైపు వెళ్ళింది. ఎవరో పిల్ల చూసి కెవ్వుమంది. జడలు కోసే మంత్రగత్తె రూపం మార్చుకు వచ్చిందని కొట్టారు. ఆవిడ బతకలేదు. దళిత స్త్రీ. ఇక్కడా మరుగుదొడ్డి లేకపోవడమే, ఇక్కడా చీకటే. 1996లో ఆ తల్లీ అందుకే బయటికి వెళ్ళింది, 2017లో ఈ ముసలమ్మా అందుకే వెళ్ళింది.

మనం అలాంటివాళ్ళం కాదు అనుకుంటాం. నేనూ అనుకున్నాను. 2018 మే నెలలో మన తెలుగు ఊళ్ళలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందనీ, రకరకాల వేషాల్లో వస్తారనీ ఫోన్లలో మెసేజీలు గుప్పుమన్నాయి. హైదరాబాదు పాతబస్తీలో రంజాన్ రోజుల్లో భిక్షకి వచ్చిన హిజ్రాల మీద జనం పడితే ఒకరు చనిపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను మా అపార్టుమెంటు డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెడుతున్నాను. కింద గేటు దగ్గర ఒకావిడ తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకుని, చంకన పిల్లతో, మూటతో నిలబడింది. పక్క ఫ్లాటావిడ ఫోను చూపించి "పిన్నిగారూ, అచ్చం ఇలాగే వస్తారట" అంది. నేను పైనుంచి గట్టిగా, "ఆ పిల్ల ఎవరో అడగండి, మొహం ఎందుకు కప్పుకుందో అడగండి!" అని అరిచాను. నిమిషంలో పదిమంది పోగయ్యారు. ఒకడు పిల్లని లాక్కోబోయాడు.

వాచ్‌మన్ భార్య పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడకపోతే ఏమయ్యేదో. "అయ్యో, ఈమె మన గిన్నెలామె గదా, ఎండకి తువ్వాలు కట్టుకుంది" అని అరిచింది. నిజమేనండీ. పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చే మనిషి. ఆరు చీరలకి పెద్ద బేసిను ఇవ్వనంటే గంటసేపు బేరమాడి మరీ తీసుకున్నాను ఆమె దగ్గర. ఆ రోజు ముక్కల్లో కారం కలపడానికి కడిగి పెట్టుకున్నది ఆ బేసినే. నాలుగేళ్ళు నాతో మాట్లాడిన మనిషి మూరెడు తువ్వాలుతో నా కళ్ళకి రాక్షసిగా మారిపోయింది. నేను కిందికి దిగేసరికి మూట కూడా సర్దుకోకుండా వెళ్ళిపోయింది. ఒక గిన్నె అక్కడే పడిపోయింది. మళ్ళీ మా వీధికి రాలేదు.

2024లో బహ్రాయిచ్ జిల్లాలో మళ్ళీ తోడేళ్ళు పిల్లల మీద పడ్డాయి. ఈసారి అటవీ శాఖ వాళ్ళు బోనులు, డ్రోన్లతో వచ్చి, సెప్టెంబరుకల్లా ఐదింటిని పట్టుకున్నారు. అప్పుడే బయటపడ్డ సంగతేమిటంటే, ఆ ఊళ్ళలో చాలా ఇళ్ళకి అసలు తలుపుల్లేవు. తలుపులు పెట్టించడం కూడా తోడేళ్ళని పట్టే పనిలో భాగమైంది.

మీ ఫోనుకీ రేపో మాపో ఇలాంటిదొకటి వస్తుంది. పంపినవాళ్ళని "మీరు చూశారా, ఎవరు చూశారు, ఏ ఊళ్ళో?" అని ఒక్కసారి అడగండి. నిజంగా అనుమానం ఉంటే 112కి ఫోను చెయ్యండి. డాబా మీంచి అరవకండి, నాలాగా. పిల్లలు భయపడితే "ఛీ, పిరికివాడా" అనకుండా పక్కలో పడుకోబెట్టుకుని, చీకట్లో కనబడినదాన్ని దీపం వేసి చూపించండి.

మా మనవడికి మర్నాడు ఈ కథంతా చెప్పాను, వాడి వయసుకి తగ్గట్టు. అంతా విని, "మరి ఆ గిన్నెలామెకి ఆమె గిన్నె ఇచ్చేశారా?" అన్నాడు. లేదు, ఇంకా మా అటక మీదే ఉంది. ఆమె ఉండేది ఎక్కడో వాచ్‌మన్ భార్యకి కొంచెం తెలుసట. ఈ ఆదివారం ఇద్దరం కలిసి వెళుతున్నాం.